పద్నాలుగు కాళ్ళ హీరో

ఈ పేజీల్లో ఇన్నాళ్ళూ రెండు కాళ్ళ హీరోల గురించే రాశాను. వాళ్ళ ఫైట్లు, వాళ్ళ డ్యాన్సులు, షూటింగు గ్యాపులో వాళ్ళు చెప్పే కబుర్లు... ఈ వారం మాత్రం పద్నాలుగు కాళ్ళున్న హీరో గురించి రాస్తానంటే ఎడిటర్‌గారు కళ్ళజోడు తీసి నా వైపు అదోలా చూశారు.

"గ్రాఫిక్సా?" అన్నారు.

కాదండీ. నిజం మనిషి... అదే, నిజం వస్తువు. అగ్గిపెట్టె కంటే సన్నగా, నల్లగా ఉంటుంది. ఒంటి వరసలో పద్నాలుగు కాళ్ళు. వీపు మీద ఎల్.ఏ. 4440 అని రాసి ఉంటుంది. మన వీధి చివర టేపు రికార్డర్లు బాగుచేసే కొట్టులో దీన్ని "ఫార్టీఫోర్ ఫార్టీ ఐసీ" అంటారు. మీరు ఆటో ఎక్కినప్పుడు వెనక సీటు వెనకాల దడదడమని పాట మోగి ఉంటే, వినాయక చవితి పందిట్లో కుర్రాళ్ళు సొంతంగా బిగించిన డబ్బాలోంచి పాట వచ్చి ఉంటే, ఆ డబ్బాలో ఈ హీరో ఉండే అవకాశం చాలా ఉంది. మీరు వందసార్లు విన్నారు. ఒక్కసారీ చూడలేదు. టైటిల్స్‌లో పేరు పడని హీరో అన్నమాట!

వీడి కథ చెప్పాలంటే ముందు మా నాన్న కథ చెప్పాలి.

మా నాన్న సినిమా హాల్లో ఆపరేటర్. మాది తెనాలి. 1976లో ఇరవై ఏళ్ళ కుర్రాడిగా కేబిన్‌లో అడుగుపెట్టి, 2011లో ఫిల్ము రీళ్ళు పోయి శాటిలైట్ బొమ్మ వచ్చేదాకా ముప్ఫై అయిదేళ్ళు అక్కడే ఉన్నాడు. ఆ హాలు ఇప్పుడు కల్యాణ మండపం. ఆ దారిన వెళ్ళాల్సొస్తే నాన్న రిక్షాని పక్క వీధిలోంచి పోనిమ్మంటాడు.

నేను సినిమా జర్నలిస్టునయ్యానంటే ఆ కేబిన్ చలవే. కానీ గత కొన్నేళ్ళుగా నాన్న పాటలు వినడం మానేశాడు. నేను హైదరాబాద్ నుంచి ఎప్పుడు వెళ్ళినా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. "పాట పెట్టనా నాన్నా?" అంటే "వద్దులేరా" అనేవాడు. హాలు పోయిందన్న దిగులు అనుకున్నాను. మనసు బాగుచేయడం మన వల్ల కాదు గాని, సౌండు బాగుచేయగలం కదా అనిపించింది. 2023 సంక్రాంతికి ఊరెళ్ళేముందు కోఠీ గుజరాతీ గల్లీలో ఒక ఫార్టీఫోర్ ఫార్టీ బోర్డు, ఒక ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు ఓమ్‌ల స్పీకర్లు రెండు కొని సంచిలో వేసుకున్నాను. డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాణ్ణి, ఆ మాత్రం బిగించలేనా అని ధీమా!

బోర్డు అమ్మిన కుర్రాడు, "మూడొందల వాట్లు సార్, గోడలు అదురుతాయి" అన్నాడు. నమ్మేశాను. ఆ మూడొందల సంగతి తరవాత చెబుతాను.

ఊళ్ళో మా సందు చివర ఒక మెకానిక్ ఉన్నాడు. నాన్న కేబిన్‌లో ఆంప్లిఫయర్ చెడినప్పుడల్లా సైకిలేసుకుని వచ్చేవాడు. చిన్నప్పట్నుంచీ నాకు బాబాయే. బోర్డు తీసి ఆయన ముందు పెట్టి, "బాబాయ్, ఇది ఎలా పనిచేస్తుందో చెప్పు" అన్నాను.

"ఎలా పనిచేస్తే నీకెందుకబ్బాయ్, వైర్లు కలుపుకో" అన్నాడు.

"రాసుకోవాలి."

రాసుకుంటానంటే మా ఊళ్ళో ఎవరైనా చెబుతారు. బాబాయ్ సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టాడు.

"నువ్వు సినిమావాడివి కాబట్టి సినిమా భాషలోనే చెబుతా విను. ప్లేబ్యాక్ తెలుసుగా? పాడేది ఒకరు, తెర మీద కనిపించేది ఇంకొకరు. పాడినాయన స్టూడియోలో మైకు ముందు కదలకుండా నిలబడి పాడతాడు. తెర మీద ఆరడుగుల హీరో కొండెక్కి చేతులు చాపి పెదవులు కదుపుతాడు. గొంతు ఆయనది, ఒళ్ళు ఈయనది. ఆంప్లిఫయర్‌లో జరిగేది అదే. నీ ఫోన్‌లోంచి వచ్చే పాట సన్నటి సిగ్నల్, అది గాయకుడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే పన్నెండు వోల్టుల కరెంటు, అది ఒళ్ళున్న హీరో. చిప్ చేసేదల్లా, ఆ చిన్న గొంతు ఎలా ఊగితే ఈ పెద్ద ఒంటిని అలాగే ఊగించడం. చిన్నదాన్ని సాగదీసి పెద్దది చెయ్యడం లేదబ్బాయ్. చిన్నది చెప్పినట్టు పెద్దది ఆడుతోంది, అంతే."

నేను డిగ్రీలో మూడేళ్ళు చదివిన ముక్క నాకు ఆ రోజు అర్థమైంది.

తరవాత కాయితం తీసి బొమ్మ గీశాడు. ఈ చిప్ జపాన్ సాన్యో కంపెనీ తీర్చిన డిజైను. ఒకే సిలికాన్ ముక్క మీద రెండు ఆంప్లిఫయర్లు కూర్చోబెట్టారు, ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. స్టీరియో అంటే అదే. రెండూ ఒకే ముక్క మీద పుట్టినవి కాబట్టి కవలపిల్లల్లా ఉంటాయి. ఒకటి వేడెక్కితే రెండోదీ వేడెక్కుతుంది, అందుకని రెండు వైపులా సౌండు ఇంచుమించు సమానంగా వస్తుంది. పదకొండో కాలు కరెంటుకి. పన్నెండో కాలు, పదో కాలు స్పీకర్లకి. రెండో కాలు, ఆరో కాలు పాట లోపలికి రావడానికి.

లోపలికొచ్చిన సిగ్నల్ సుమారు 375 రెట్లు పెద్దదవుతుంది. కానీ పెద్దది చేయడం కంటే కష్టమైన పని ఇంకోటుంది, వంకర పోకుండా చూడడం. దానికో చక్కటి ఏర్పాటుంది. బయటికి వెళ్ళే సౌండులోంచి ఒక చిన్న వంతు వెనక్కి తెచ్చి, లోపలికొచ్చే అసలు సిగ్నల్‌తో పోల్చి చూస్తారు. తేడా వస్తే ఆ తేడాని అక్కడికక్కడే సరిదిద్దుతారు. దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. డబ్బింగ్ థియేటర్లో ఆర్టిస్టు తెర మీద పెదవులు చూసుకుంటూ గొంతు కలుపుతాడు చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ రీటేకుల్లేవు. ఎప్పటికప్పుడు ఓకే కావాల్సిందే!

ఇక అసలు ఫైటు చివరి సీన్లో ఉంది. స్పీకర్ అట్ట ముందుకీ వెనక్కీ ఊగితేనే సౌండు. ముందుకి లాగడానికి ఒక ట్రాన్సిస్టరు, వెనక్కి లాగడానికి ఇంకో ట్రాన్సిస్టరు. పాట లేనప్పుడు ఇద్దరి మధ్యా తాడు సరిగ్గా నడిమధ్యన, అంటే పన్నెండు వోల్టుల్లో సగం ఆరు వోల్టుల దగ్గర నిలబడి ఉంటుంది. పాట మొదలయితే పైవాడు పన్నెండు వైపు లాగుతాడు, కిందివాడు సున్నా వైపు లాగుతాడు. అడితీలో దుంగని ఇద్దరు రంపంతో కోస్తారే, ఒకడు లాగినప్పుడు ఇంకొకడు వదులుతాడు, అదే పద్ధతి.

"మరి ఒకడు వదిలి ఇంకొకడు పట్టుకునే లోపల ఖాళీ రాదా బాబాయ్?" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఆ ప్రశ్న మీ నాన్ననడుగు."

ఇంటికెళ్ళి అడిగాను. నాన్న గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. చాలా నెలల తరవాత ఆ మొహంలో కళ చూశాను.

"చేంజోవర్ కదరా అది! మా కేబిన్‌లో రెండు మిషన్లు. ఒక రీలు ఇరవై నిమిషాల్లో అయిపోయేది. అది అయిపోయాక రెండో మిషను వేస్తే తెర నల్లబడి హాల్లో ఈలలే ఈలలు. అందుకని రీలు చివర బొమ్మకి కుడివైపు పైమూల చుక్క పడేది. మొదటి చుక్క పడగానే రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క. అప్పుడు టకీమని మార్చాలి. రెండు మిషన్లూ కాసేపు కలిసి తిరుగుతాయన్నమాట. జనానికి తెలీదు. తెలిస్తే నేను ఆపరేటర్నే కాదు."

అచ్చంగా అదే! చిప్‌లో ఇద్దరు ట్రాన్సిస్టర్లూ పూర్తిగా ఆగిపోకుండా, పాట లేనప్పుడు కూడా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూ మేలుకునే ఉంటారు. లేకపోతే చేతులు మారేచోట సౌండు గరగరమంటుంది. చిన్న వాల్యూమ్‌లో ఆ గరగర మరీ చెడ్డగా వినిపిస్తుంది. ఇంజనీర్లు దీన్ని క్లాస్ ఏబీ అంటారు. మా నాన్న చేంజోవర్ అన్నాడు. నాకు మా నాన్న పేరే నచ్చింది.

సరే, బోర్డు బిగించాను. మంచానికి ఎడమపక్క ఒక స్పీకరు, కుడిపక్క ఒక స్పీకరు. స్పీకరుకి ముందు వెయ్యి మైక్రోఫారాడ్ల కెపాసిటర్ ఒక్కొక్కటి ఉంటుంది. ఇందాక చెప్పిన ఆరు వోల్టులు స్పీకరు మీద పడకుండా ఆపి, ఊగే పాటని మాత్రం వదిలే గేట్‌కీపరు అది. టిక్కెట్టున్నవాణ్ణే లోపలికి పంపిస్తుంది! నాలుగు ఓమ్‌ల స్పీకరుకి ఈ గేటు నలభై సైకిల్స్ కంటే కింది గుమగుమల్ని కాస్త అడ్డుకుంటుంది, మిగతా పాటంతా హాయిగా వెళ్ళిపోతుంది.

పాట పెట్టాను. నాన్నకిష్టమైన పాటే. వేణువు ఎడమవైపు నుంచి, వయొలిన్లు కుడివైపు నుంచి, గొంతు నట్టనడుమ గాల్లోంచి... నాకు ఒళ్ళు పులకరించింది. నాన్న రెండు పాటలు విన్నాడు. "బాగుందిరా" అన్నాడు. కాసేపటికి నేను స్నానానికెళ్ళి వచ్చేసరికి స్విచ్చి ఆపేసి ఉంది.

మర్నాడు పొద్దున్నే చూస్తే, దిండు మీద అమ్మ చిన్న ఫోను పెట్టుకుని, గీమని ఏడ్చే ఆ బుల్లి స్పీకర్లో అదే పాట వింటున్నాడు!

నాకు రోషం వచ్చింది. దాపరికమెందుకు, బాగా వచ్చింది. అంత కష్టపడి మోసుకొస్తే ఇదా మర్యాద? ఆ కోపంలోనే నా హెడ్‌ఫోన్లు తెచ్చి నాన్న తలకి తగిలించాను. "ఇలా అయినా విను. ఇదిగో, ఈ వేణువు బిట్టు విను."

"ఏ వేణువు?" అన్నాడు.

హెడ్‌ఫోన్ చెడిందనుకున్నాను. నా చెవికి పెట్టుకుని చూస్తే బ్రహ్మాండంగా ఉంది. మళ్ళీ ఆయనకి పెట్టాను. ఈసారి తొందరలో తిరగేసి పెట్టాను, ఎడమ గిన్నె కుడి చెవికి వచ్చింది.

నాన్న మొహం విప్పారింది. "ఆఁ... ఇదిగో వేణువు వచ్చిందిరా!" రెండు క్షణాలాగి అడిగాడు. "మరి వయొలిన్లు పోయాయేం?"

గదిలో అమ్మ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల చూపులు చూసింది. అప్పుడు తట్టింది నాకు, మా అమ్మ నాన్నకి ఎడమపక్క కూర్చోగా నేనెప్పుడూ చూడలేదని. బస్సులోనైనా, పెళ్ళిపీటల దగ్గరైనా, సినిమాలోనైనా, ఎప్పుడూ కుడిపక్కే.

1985లో ఎడమ చెవికి చీము పట్టిందట. నాటు వైద్యం చేయించుకున్నాడట. తగ్గేసరికి చెవి పోయింది. ఎవరికీ చెప్పలేదు.

"ఆపరేటర్‌కి చెవి వినపడదంటే ఓనరు ఊరుకుంటాడట్రా? అప్పటికి హాల్లో సౌండు తెర వెనకాల నుంచి ఒక్క దారినే వచ్చేది. ఒక్క దారిన వచ్చేదానికి ఒక్క చెవి చాలు. ఎలాగో లాక్కొచ్చాను."

1986లో "సింహాసనం" 70 ఎం.ఎం.లో, ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చింది. తెలుగులో అదే మొదటిది. ఊరూవాడా ఆ సౌండు గురించే చెప్పుకుంటుంటే ఆ ఒక్క ముచ్చటలో తను కలవలేకపోయానన్నాడు. 1998లో మా హాల్లోకీ స్టీరియో వచ్చింది. నాకు అప్పుడు పదేళ్ళు. ప్రతి కొత్త బొమ్మకీ మొదటి ఆటకి ముందు నాన్న నన్ను కేబిన్‌లోంచి కిందికి పంపేవాడు. "ఒరేయ్, నేల క్లాసులో ఎడమపక్క కూర్చుని స్పీకరు పలుకుతోందో లేదో చూసి రా" అనేవాడు. పరిగెత్తుకెళ్ళి విని, మళ్ళీ మెట్లెక్కి వచ్చి చెబితే గోళీసోడా. నేను ఆ గోళీసోడా కోసమే వెళ్ళేవాణ్ణి. ఏళ్ళ తరబడి మా నాన్నకి ఎడమ చెవిని నేనేనని నాకు తెలీదు.

నా పాలబడి, ఆ మంచానికి రెండు పక్కలా స్పీకర్లు పెట్టింది కూడా నేనే!

బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను. విషయం చెబితే ఆయనకీ తెలీదు. చాలాసేపు ఊరుకుని, తరవాత అన్నాడు. "ఎడమపక్క స్పీకరు సౌండు కుడి చెవికి అస్సలు చేరదని కాదబ్బాయ్. మద్దెల, డ్రమ్ము లాంటి లావు సౌండు తలని చుట్టి వస్తుంది. వేణువులాంటి సన్న సౌండుకి తల అడ్డుగోడ. అందుకే మీ నాన్నకి దరువు తెలుస్తుంది, నగిషీ పోతుంది. సగం పాట వినడం కంటే అమ్మ ఫోన్లో గీ పాటే నయమనుకున్నాడు. అందులో అన్నీ ఒకే బొక్కలోంచి వస్తాయి."

"మరేం చేద్దాం?"

"రెంటినీ కలిపి ఒకటి చెయ్యి. బ్రిడ్జి కట్టు."

ఇక్కడే ఈ హీరో ద్విపాత్రాభినయం మొదలవుతుంది. లోపలున్న రెండు ఆంప్లిఫయర్లకీ ఒకే పాట ఇస్తారు. కాకపోతే రెండోదానికి తలకిందులుగా ఇస్తారు. స్పీకరుని రెండింటి మధ్యా కడతారు. ఒకడు పైకి తోస్తున్నప్పుడు రెండోవాడు కిందికి లాగుతాడు. మంచినీళ్ళ బావి దగ్గర గిలకకి ఒక పక్క బొక్కెన దిగుతుంటే రెండో పక్క బొక్కెన లేస్తుంది చూడండి, అలాగ. స్పీకరు మీద వోల్టేజీ రెట్టింపవుతుంది. వోల్టేజీ రెట్టింపయితే పవరు నాలుగు రెట్లు కావాలి, లెక్క ప్రకారం. కానీ కరెంటు కూడా రెట్టింపవుతుంది కాబట్టి ట్రాన్సిస్టర్లలో నష్టం పెరిగి అంత రాదు. కంపెనీ కాయితంలో ఉన్నది చెబుతున్నాను. 13.2 వోల్టుల మీద, నాలుగు ఓమ్‌లకి, స్టీరియోగా వాడితే ఒక్కొక్క వైపు 6 వాట్లు. బ్రిడ్జి కడితే మొత్తం 19 వాట్లు.

మరి మూడొందల వాట్లేవీ? లేవు. ఎప్పుడూ లేవు. పన్నెండు, పదమూడు వోల్టుల్లో ఊగగలిగినంతే ఊగుతుంది. ఆ ఆరు వాట్లు కూడా పాట నూటికి పది పాళ్ళు వంకర పోతున్నప్పటి లెక్క. అట్ట మీద ఎంత రాస్తే చిప్ అంత ఇవ్వదు. పోస్టర్ మీద శతదినోత్సవం వేసినంత మాత్రాన బొమ్మ ఆడుతుందా!

సరే, బ్రిడ్జి కట్టాను. కంగారులో ఒక తప్పు చేశాను. స్టీరియోలో స్పీకరుకి ఒక వైరు చిప్‌కి, రెండోది భూమికి, అంటే గ్రౌండుకి. బ్రిడ్జిలో స్పీకరు వైర్లు రెండూ చిప్‌కే, పదో కాలుకీ పన్నెండో కాలుకీ. రెండు వైపులా ఆరు వోల్టులే కాబట్టి మధ్యలో గేట్‌కీపర్ కెపాసిటర్ అక్కర్లేదని దాన్ని తీసేశాను. అంతవరకూ ఒప్పే. కానీ పాత అలవాటులో ఒక వైరు గ్రౌండుకే వదిలేశాను! స్విచ్చి వెయ్యగానే ధబ్‌మని స్పీకరు అట్ట ముందుకి పొంగి అక్కడే నిలబడిపోయింది. ఆరు వోల్టులు తిన్నగా నాలుగు ఓమ్‌ల చుట్ట మీద పడ్డాయి. అంటే ఒకటిన్నర ఆంపియర్లు, తొమ్మిది వాట్ల వేడి, పాటా లేదు గీటా లేదు, ఉత్త వేడి. మాడు వాసన వచ్చేదాకా నాకు తెలివి రాలేదు.

చిత్రమేమిటంటే చిప్‌కి ఏమీ కాలేదు. వెనకాల అల్యూమినియం రెక్క ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. బాగా వేడెక్కితే తనంతట తనే ఆగిపోయి, చల్లారాక మళ్ళీ మొదలెట్టే కాపలా దీని లోపలే ఉంది. స్పీకరు మాత్రం పోయింది. మిగిలింది ఒక్కటి. నాకు కావలసిందీ ఒక్కటే!

రెండో స్పీకరు సరిగ్గా కట్టి, నాన్న కుడిపక్కన పెట్టి పాట పెట్టాను. వేణువు బ్రహ్మాండంగా వచ్చింది.

"వయొలిన్లేవిరా?" అన్నాడు నాన్న.

తల పట్టుకున్నాను. బ్రిడ్జి అంటే రెండు ఆంప్లిఫయర్లు ఒకటవడం, అంతేగాని రెండు పాటలు ఒకటవడం కాదు! నేను ఫోన్లోంచి వచ్చే రెండు వైర్లలో ఎడమదాన్ని మాత్రమే లోపలికిచ్చాను. కుడిది గాల్లో వేలాడుతోంది. రెండు వైర్లనీ మెలేసి కలిపేయబోతే బాబాయ్ ఫోన్లో కేకేశాడు. "అలా కలపకు! ఎడమది ఇటు, కుడిది అటు లాగుతూ ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. ఒక్కొక్కదానికి పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, ఆ తరవాత కలుపు."

రెండు రెసిస్టర్లు. రెండూ కలిపి రూపాయి కూడా చెయ్యవు. ఇద్దరు వియ్యంకుల మధ్య పెద్దమనిషిలాంటివి అవి. ఎవరి మాట వాళ్ళు చెప్పుకుంటారు, మధ్యలో తగవు రాదు. కలిసినచోట సౌండు కొంచెం తగ్గుతుంది. తగ్గితేనేం, 375 రెట్లు పెంచేవాడు పక్కనే ఉన్నాడు కదా.

సోల్డరింగ్ అయ్యేసరికి రాత్రి పదయింది. అమ్మ నిద్రపోకుండా కూర్చుంది. నాన్న మంచం గోడకి ఆనుకుని ఉండేది. దాన్ని తిప్పి వేశాం, కుడి చెవి గదివైపుకి వచ్చేలా. ఉన్న ఒక్క స్పీకరునీ ఒక చెక్కడబ్బాలో పెట్టి కుర్చీ మీద నిలబెట్టాను. చిన్న స్పీకరు పందొమ్మిది వాట్లకి తట్టుకోదు కాబట్టి వాల్యూమ్ సగానికి లోపే ఉంచాను. స్విచ్చి వేశాను. ధబ్ లేదు. గీ లేదు. కరెంటు గుమగుమ కూడా లేదు, అయిదో కాలు దగ్గరున్న కెపాసిటర్ దాని పని అది చేసుకుంటోంది.

పాట మొదలైంది.

నాకు ఆ పాట పాడైపోయినట్టే ఉంది. నిజం చెబుతున్నాను. స్టీరియోలో గది గోడలదాకా పరుచుకున్న పాట, ఇప్పుడొచ్చి ఒక కుర్చీ మీద ముడుచుకుని కూర్చుంది. నా రెండు చెవులకీ అది నష్టమే. కానీ నేను పాట వినడంలేదు. నాన్న చెయ్యి చూస్తున్నాను. దుప్పటి మీద వేళ్ళు తాళం వేస్తున్నాయి. వేణువు వచ్చినచోట చూపుడువేలు లేచింది. వయొలిన్లు వచ్చినచోట అరచెయ్యి మొత్తం లేచింది.

పాటయ్యాక ఎవ్వరం మాట్లాడలేదు. అమ్మే ముందు కదిలింది. లేచి వెళ్ళి, ఎందుకో మరి, నాన్నకి ఎడమపక్క కూర్చుంది.

"ఇంకోటి పెట్టరా" అన్నాడు నాన్న.

పెట్టాను. సంబరంలో వాల్యూమ్ కాస్త ఎక్కువే తిప్పాను. నాన్న కళ్ళు మూసుకునే చెయ్యి ఊపాడు.

"తగ్గించరా. సెకండ్ షోకి అంత సౌండు అక్కర్లేదు. బాల్కనీలో ఇద్దరే ఉన్నారు."

ఆ బోర్డు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నేను పండక్కి వెళ్ళినప్పుడల్లా రెక్క మీది దుమ్ము తుడిచి వస్తుంటాను. మీలో ఎవరికైనా దాన్ని సొంతంగా బిగించాలని సరదా పుడితే బిగించండి. 230 వోల్టులున్న ట్రాన్స్‌ఫార్మర్ వైపు మాత్రం తెలిసినవాళ్ళు పక్కన లేకుండా చెయ్యి పెట్టకండి. బోర్డు మీద రాసిన వాట్లు నమ్మకండి. స్పీకర్లు పెట్టేముందు, వినేవాళ్ళకి ఏ పక్క వినిపిస్తుందో ఒక్కసారి అడగండి.

వచ్చేవారం మళ్ళీ రెండు కాళ్ళ హీరోల దగ్గరికే పోదాం. ఎడిటర్‌గారికి మాటిచ్చాను!